కట్టని ప్రైవేటు విద్యారుణానికి కాలదోషం ఎప్పుడు పడుతుంది?

క్లుప్తంగా: అమెరికాలో ఫెడరల్ విద్యారుణం వసూలుకు కాలపరిమితి లేదు. ప్రైవేటు రుణానికి ఉంది, కానీ అది రాష్ట్రాన్ని బట్టి 3 నుంచి 10 ఏళ్ల దాకా మారుతుంది. ఆ గడువు కోర్టులో దావా వేయడానికే వర్తిస్తుంది, అప్పును రద్దు చేయదు. ఒక్క చిన్న చెల్లింపుతో కొన్ని రాష్ట్రాల్లో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గడువు దాటాక దావా పడినా, ప్రతివాది కోర్టుకు వచ్చి ఆ మాట చెప్పకపోతే అప్పిచ్చినవారే గెలుస్తారు. ఇండియాలో తీసుకున్న విద్యారుణానికి లెక్క వేరు. అప్పు తీసుకున్న వ్యక్తి దేశం బయట ఉన్న కాలాన్ని ఇక్కడి చట్టం గడువులో కలపదు.

ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చి, మూడేళ్లు నిండే లోపు నోటు వెనక చెల్లు వేయించుకోవడం తెలుగు ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. చెల్లు పడకుండా మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. అమెరికాలో బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఇచ్చే ప్రైవేటు విద్యారుణాలకూ సూత్రం ఇలాంటిదే. తేడా అంతా లెక్కలో ఉంది. ఎన్నేళ్లు, ఏ రోజు నుంచి, ఏం చేస్తే లెక్క ఆగుతుంది, ఏం చేస్తే తిరగబడుతుంది అనేవి యాభై రాష్ట్రాల్లో యాభై రకాలుగా ఉన్నాయి.

ఈ విషయం ఇప్పుడు చర్చలోకి రావడానికి కారణం ఉంది. 2025 జులై 4న చట్టమైన పన్నుల, వ్యయాల బిల్లు పీజీ విద్యార్థులకు ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాన్ని 2026 జులై 1 నుంచి కొత్తవారికి ఆపేసింది. మామూలు పీజీ కోర్సుకు ఏటా 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు అని ఫెడరల్ రుణానికి పరిమితి పెట్టింది. ఫీజు అంతకు మించితే మిగతాది ప్రైవేటు రుణంగానే తేవాలి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఫెడరల్ రుణం మొదటినుంచీ రాదు. వాళ్ల చేతిలో ఉండేది ఇండియాలో తెచ్చుకున్న బ్యాంకు రుణం, లేదంటే అమెరికాలో తీసుకున్న ప్రైవేటు రుణం. ఇప్పుడు అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలూ ప్రైవేటు రుణాల వైపు రావాల్సి వస్తోంది.

ఒకే పేరు, రెండు చట్టాలు

గందరగోళానికి మూలం పేరులోనే ఉంది. రెండింటినీ 'స్టూడెంట్ లోన్' అనే అంటారు. కానీ ఫెడరల్ రుణాల వసూలుకు ఉన్న కాలపరిమితిని అమెరికా కాంగ్రెస్ 1991లో పూర్తిగా ఎత్తేసింది. 30 ఏళ్ల కిందటి ఫెడరల్ రుణాన్నయినా ప్రభుత్వం వసూలు చేయవచ్చు. అందుకు కోర్టు కూడా అక్కర్లేదు. పన్ను రీఫండ్ పట్టుకోవచ్చు, చేతికొచ్చే జీతంలో 15 శాతం దాకా యజమాని దగ్గరే కోయించవచ్చు.

ప్రైవేటు రుణదాతకు ఈ అధికారాలేవీ లేవు. జీతం మీద చెయ్యి వేయాలన్నా, బ్యాంకు ఖాతా స్తంభింపజేయాలన్నా ముందు దావా వేసి తీర్పు తెచ్చుకోవాలి. కాలపరిమితికి ఇంత విలువ రావడం ఇందువల్లే. దావా దారి మూసుకుపోతే బలవంతపు వసూలు దారులన్నీ మూసుకుపోతాయి.

ఇక ప్రచారంలో ఉన్న 'ఏడేళ్ల' మాట. ఏడేళ్లకు అప్పు పోతుందని చాలామంది నమ్మకం. ఆ ఏడేళ్లు క్రెడిట్ రిపోర్టుకు సంబంధించినవి. కట్టడం ఆగిపోయిన ఖాతా వివరాన్ని క్రెడిట్ సంస్థలు సుమారు ఏడేళ్ల తర్వాత రిపోర్టులోంచి తీసేయాలి. దావా గడువుతో దానికి సంబంధం లేదు. నార్త్ కరోలినాలో మూడేళ్లకే దావా గడువు ముగిసినా ఆ మచ్చ ఇంకో నాలుగేళ్లు రిపోర్టులో కనిపిస్తుంది. ఇలినాయ్‌లో మచ్చ చెరిగిపోయాక కూడా దావా రావచ్చు.

రాష్ట్రం మారితే గడువు మారుతుంది

ప్రైవేటు విద్యారుణానికి ప్రత్యేకమైన ఫెడరల్ గడువు లేదు. రాతపూర్వక ఒప్పందాలకు ఆయా రాష్ట్రాలు పెట్టిన గడువే దీనికీ వర్తిస్తుంది. తెలుగువారు ఎక్కువగా ఉండే రాష్ట్రాలు చూస్తే టెక్సస్, కాలిఫోర్నియా, పెన్సిల్వేనియాల్లో 4 ఏళ్లు. ఫ్లోరిడా, వర్జీనియాల్లో 5. న్యూజెర్సీ, జార్జియా, వాషింగ్టన్, మసాచుసెట్స్‌లలో 6. నార్త్ కరోలినా, డెలావేర్‌లలో 3. ఇలినాయ్‌లో 10. ఒహాయో 2021లో తన గడువును 8 నుంచి 6 ఏళ్లకు తగ్గించింది. న్యూయార్క్‌లో 6 ఏళ్లు ఉండేది. 2022 ఏప్రిల్ 7 నుంచి వినియోగదారుల అప్పులకు దాన్ని 3 ఏళ్లకు కుదించారు.

పట్టిక చూసి సొంత రాష్ట్రం అంకె తీసుకుంటే సరిపోదు. రుణ ఒప్పందంలో 'ఈ ఒప్పందానికి ఫలానా రాష్ట్ర చట్టం వర్తిస్తుంది' అనే షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కాలపరిమితిని చాలా కోర్టులు విచారణ పద్ధతికి చెందిన నియమంగా చూస్తాయి కాబట్టి, ఆ షరతు ఉన్నా దావా పడిన రాష్ట్రపు గడువే సాధారణంగా నడుస్తుంది. దీని పైన మరో పొర ఉంది. కొన్ని రాష్ట్రాల చట్టం వేరే రాష్ట్రపు గడువును అరువు తెచ్చుకుంటుంది. న్యూయార్క్ అలాంటిదే. అప్పిచ్చిన సంస్థ వేరే రాష్ట్రానిదైతే, నష్టం ఆ రాష్ట్రంలో జరిగినట్టు లెక్కగట్టి, రెండు రాష్ట్రాల గడువుల్లో ఏది తక్కువైతే అది అమలు చేస్తుంది. 2010లో ఒక క్రెడిట్ కార్డు బాకీ కేసులో న్యూయార్క్ అత్యున్నత కోర్టు ఇలాగే డెలావేర్ మూడేళ్ల గడువు వర్తింపజేసింది. అప్పును తర్వాత కొనుక్కున్న సంస్థ, మొదట ఇచ్చిన సంస్థ కంటే మెరుగైన స్థితిలో ఉండదని కూడా చెప్పింది. విద్యారుణాలు చేతులు మారుతూనే ఉంటాయి కాబట్టి ఈ సూత్రం ఇక్కడా పనికొస్తుంది.

లెక్క ఏ రోజు నుంచి?

కేసుల్లో అసలు పేచీ ఇక్కడే వస్తుంది. రుణం తీసుకున్న రోజు నుంచి కాదు, చదువు ముగిసిన రోజు నుంచీ కాదు. ఒప్పందం తప్పిన రోజు నుంచి లెక్క. కానీ వాయిదాల అప్పులో ఒప్పందం ఒక్కసారి తప్పదు. కట్టని ప్రతి వాయిదాకూ దాని గడువు దానికే ఉంటుంది. మార్చి వాయిదాకు మార్చి నుంచి, ఏప్రిల్ వాయిదాకు ఏప్రిల్ నుంచి. పాత వాయిదాలకు కాలదోషం పట్టి, కొత్తవి మాత్రం బతికి ఉండటం అందుకే సాధ్యం.

ఈ లెక్కను ఒక్క ఉత్తరం మార్చేస్తుంది. వరసగా వాయిదాలు తప్పితే మిగతా అసలంతా ఒకేసారి కట్టమని అడిగే హక్కు రుణదాతకు ఒప్పందంలో ఉంటుంది. యాక్సిలరేషన్ అంటారు. మొత్తం సొమ్ము ఇప్పుడే కట్టాలని రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచి బాకీ మొత్తానికి ఒకే గడువు మొదలవుతుంది. సాధారణంగా 120 నుంచి 180 రోజులు వాయిదాలు ఆగాక బ్యాంకు తన పుస్తకాల్లో ఆ అప్పును నష్టంగా రాసుకుంటుంది. అది ఛార్జ్ ఆఫ్. ఛార్జ్ ఆఫ్ బ్యాంకు అంతర్గత లెక్క, యాక్సిలరేషన్ అప్పు తీసుకున్న వ్యక్తికి చెప్పే మాట. రెండూ ఒకే వారంలో జరగవచ్చు, జరగకపోవచ్చు. ఛార్జ్ ఆఫ్ తేదీనే గడువు మొదలని వాదించే ముందు ఒప్పందంలో ఆ మాట ఏమని ఉందో చూడాలి. 'ఛార్జ్ ఆఫ్ అయితే మొత్తం దానంతటదే చెల్లించవలసినదవుతుంది' అని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది, కొన్నింట్లో ఉండదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కాలిఫోర్నియాలో ఒకరు 40,000 డాలర్ల ప్రైవేటు రుణం మీద 2019 మార్చి 5న రావలసిన వాయిదా కట్టలేదు. ఆ తర్వాతవీ కట్టలేదు. 2019 సెప్టెంబర్ 3న మొత్తం కట్టమని ఉత్తరం వచ్చింది. నాలుగేళ్లు కలిపితే 2023 సెప్టెంబర్ 3 వస్తుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కొవిడ్ సమయంలో కాలిఫోర్నియా న్యాయమండలి 2020 ఏప్రిల్ 6 నుంచి అక్టోబర్ 1 దాకా సివిల్ దావాల గడువులు నడవకుండా ఆపింది. ఆ 178 రోజులు కలపాలి. గడువు 2024 ఫిబ్రవరి నెలాఖరుకు పోతుంది. 2023 అక్టోబర్‌లో దావా పడితే ఆలస్యమైందని చెప్పి గెలవడం కుదరదు. న్యూయార్క్ కూడా 2020 మార్చి 20 నుంచి నవంబర్ 3 దాకా ఇలాగే ఆపింది. 2020కి ముందు బకాయి పడ్డ అప్పుల విషయంలో ఈ రోజులు మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు.

చెల్లు పడితే మళ్లీ మొదటికి

పై ఉదాహరణలో ఆ వ్యక్తికి 2022 జూన్‌లో వసూలు సంస్థ నుంచి ఫోన్ వచ్చిందనుకుందాం. 'మీకు కట్టే ఉద్దేశం ఉందని చూపించడానికి 50 డాలర్లు కట్టండి చాలు' అన్నారు. కట్టారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం గడువు దాటక ముందు ప్రామిసరీ నోటు మీద కట్టిన మొత్తం, అసలు కిందికైనా వడ్డీ కిందికైనా సరే, అప్పును ఒప్పుకున్నట్టే. నాలుగేళ్లు 2022 జూన్ నుంచి కొత్తగా మొదలవుతాయి. 50 డాలర్లతో గడువు 2024 ఫిబ్రవరి నుంచి 2026 జూన్‌కు జరిగింది. నోటు వెనక చెల్లు వేసినట్టే, కాకపోతే సంతకం బదులు కార్డు నంబరు.

గడువు దాటాక కడితే ఏమవుతుందన్నది మళ్లీ రాష్ట్రాన్ని బట్టే. కాలిఫోర్నియాలో ఒకసారి కాలదోషం పట్టిన నోటును ఉత్త చెల్లింపు బతికించదు. న్యూయార్క్ 2022 మార్పు ఇంకా గట్టిది. గడువు ముగిశాక చేసిన చెల్లింపు, రాసిచ్చిన మాట, నోటిమాట ఏదీ గడువును పొడిగించదు. టెక్సస్‌లో 2019 నుంచి అప్పులు కొనుక్కున్న సంస్థల విషయంలో ఇలాంటి రక్షణే ఉంది. ఇలా రాయని రాష్ట్రాల్లో పాత నియమమే నడుస్తోంది. అక్కడ కాలదోషం పట్టిన అప్పు మీద కట్టిన చిన్న మొత్తం, లేదా 'కడతాను' అని సంతకం చేసిన ఈమెయిల్ దాన్ని మళ్లీ దావాకు తగినదిగా చేయవచ్చు.

పూచీ సంతకం చేసినవారి సంగతి మరో చిక్కు. అమెరికాలో డిగ్రీ చదువుకు ఇచ్చే ప్రైవేటు రుణాల్లో పదింట తొమ్మిది కో-సైనర్ ఉన్నవే. విదేశీ విద్యార్థికి ఆ సంతకం అక్కడ స్థిరపడిన బాబాయో, మేనమామో, తండ్రి స్నేహితుడో పెట్టి ఉంటారు. రుణదాత విద్యార్థిని వదిలి నేరుగా కో-సైనర్ మీద దావా వేయవచ్చు. ఒకరు కట్టిన చెల్లింపు రెండోవారి గడువును కూడా కదిలిస్తుందా అన్నదానికి అన్ని రాష్ట్రాలకూ ఒకే జవాబు లేదు. విద్యార్థి మౌనంగా ఉండగా, పరువు కోసం బాబాయి వంద డాలర్లు పంపిస్తే తన గడువును తానే కొత్తగా మొదలుపెట్టుకున్నట్టవుతుంది.

వాయిదాల కొత్త ప్రణాళిక మీద సంతకం, సెటిల్‌మెంట్ ఒప్పందం వంటివి కూడా ఈ కోవలోకే వస్తాయి. సెటిల్‌మెంట్‌లో మాఫీ అయిన మొత్తానికి పన్ను సంగతీ ఉంది. 2021 నుంచి 2025 దాకా మాఫీ అయిన విద్యారుణం ఫెడరల్ ఆదాయ పన్నులోకి రాలేదు. ఆ మినహాయింపు 2025 డిసెంబర్ 31తో ముగిసింది. మరణం, శాశ్వత వైకల్యం కారణంగా రద్దయిన రుణాలకు మాత్రం కొనసాగుతోంది.

ఊరు వదిలితే లెక్క ఆగుతుందా?

ఇండియాకు తిరిగొచ్చేసినవారిలో ఒక నమ్మకం ఉంది. నాలుగేళ్లు హైదరాబాద్‌లో గడిపేస్తే టెక్సస్ గడువు అయిపోతుందని. టెక్సస్ చట్టంలోనే దీనికి అడ్డు ఉంది. ప్రతివాది రాష్ట్రంలో లేని కాలంలో గడువు నడవదని అందులో రాసి ఉంది. న్యూయార్క్, కాలిఫోర్నియా చట్టాల్లోనూ ఇలాంటి నియమాలున్నాయి. అయితే కోర్టులు వీటిని బాగా కుదించాయి. రాష్ట్రం బయట ఉన్న వ్యక్తికి కూడా సమన్లు పంపే మార్గం చట్టంలో ఉంటే, అతను 'లేనట్టు' లెక్క కాదని టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పింది. న్యూయార్క్ చట్టంలోనూ అదే మినహాయింపు రాసి ఉంది. విదేశంలో ఉన్నవారి విషయంలో ఇది వాదనకు తావున్న అంశం. అంటే నాలుగేళ్లు గడిచాయన్న ధీమా పూర్తిగా నిలిచేది కాదు, పూర్తిగా కూలిపోయేదీ కాదు.

దివాలా పిటిషన్ వేసి ఉన్న కాలం, కొన్ని సందర్భాల్లో సైన్యంలో పనిచేస్తున్న కాలం కూడా లెక్కలోంచి తీసేస్తారు.

సమన్లు వచ్చాక

అమెరికా కోర్టులో కాలపరిమితి ప్రతివాది ఎత్తవలసిన వాదన. జడ్జి తనంతట తాను తేదీలు చూసి దావా కొట్టేయరు. సమన్లు అందాక నిర్ణీత రోజుల్లో 'ఆన్సర్' దాఖలు చేసి, అందులో కాలపరిమితి దాటిందని విడిగా, స్పష్టంగా రాయాలి. మొదటి జవాబులో రాయకపోతే ఆ హక్కు వదులుకున్నట్టే చూసే కోర్టులు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలో జవాబుకు 30 రోజులు. న్యూయార్క్‌లో స్వయంగా చేతికి అందిస్తే 20, వేరే విధంగా అందిస్తే 30. ఫ్లోరిడాలో 20. టెక్సస్ జిల్లా కోర్టుల లెక్క విచిత్రంగా ఉంటుంది. సమన్లు అందిన 20 రోజులు గడిచాక వచ్చే మొదటి సోమవారం ఉదయం 10 గంటలలోపు. అక్కడి చిన్న కోర్టుల్లో 14 రోజులే.

ఎక్కువమంది ఈ దశలోనే ఓడిపోతారు. సమాచారం దొరికిన ప్రాంతాల్లో గత దశాబ్దపు బాకీ దావాల్లో 70 శాతానికి పైగా ఏకపక్ష తీర్పులతో ముగిశాయని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ 2020 నివేదిక తేల్చింది. కాలదోషం పట్టిన అప్పు మీద కూడా ఇలా తీర్పు వస్తే అది చెల్లుతుంది. తీర్పు వచ్చాక పాత గడువు గురించి మాట్లాడి లాభం లేదు, తీర్పుకు సొంత ఆయుష్షు ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో 10 ఏళ్లు, పొడిగించుకునే వీలుంది. న్యూయార్క్‌లో 20 ఏళ్లు. తీర్పుతో జీతం పట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం చేతికొచ్చే జీతంలో 25 శాతం పరిమితి. టెక్సస్, నార్త్ కరోలినా, పెన్సిల్వేనియాల్లో మామూలు అప్పులకు జీతం పట్టుకోవడం దాదాపు కుదరదు. కానీ అదే జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక టెక్సస్‌లో ఆ రక్షణ పోతుంది.

జవాబులో రాయవలసింది కాలపరిమితి ఒక్కటే కాదు. దావా వేసిన సంస్థే అప్పుకు యజమాని అని రుజువు చూపమని అడగడం అంతే ముఖ్యం. దీనికి పెద్ద ఉదాహరణ నేషనల్ కాలేజియేట్ స్టూడెంట్ లోన్ ట్రస్టులు. 2000ల మొదట్లో బ్యాంకులు ఇచ్చిన ప్రైవేటు రుణాలను మూటగట్టి డెలావేర్‌లో 15 ట్రస్టుల పేరిట పెట్టారు. సుమారు 8 లక్షల రుణాలు. రుణాలు మొండిపడ్డాక ట్రస్టుల పేరుతో దేశమంతా దావాలు వేశారు. రుణం ట్రస్టుకు బదిలీ అయిందని చూపే కాగితాలు లేకుండా, గడువు దాటిన అప్పుల మీద కూడా దావాలు వేశారని, రికార్డులు చూడనివారితో ప్రమాణ పత్రాల మీద సంతకాలు చేయించారని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2017 సెప్టెంబర్‌లో చర్య తీసుకుంది. వాటి తరఫున వసూళ్లు చేసిన ట్రాన్స్‌వరల్డ్ సిస్టమ్స్ 25 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ట్రస్టుల మీది వివాదం మాత్రం ఏళ్లు సాగింది. అవి సీఎఫ్‌పీబీ పరిధిలోకి వస్తాయని మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పడానికి 2024 మార్చి దాకా పట్టింది.

అందువల్ల కోరవలసిన కాగితాలు ఇవి: సంతకం చేసిన అసలు ఒప్పందం, మొదటినుంచీ చెల్లింపుల పట్టిక, మొత్తం కట్టమని అడిగిన ఉత్తరం, బ్యాంకు నుంచి ఇప్పటి వాది దాకా ప్రతి బదిలీకీ పత్రం. బదిలీ పత్రంలో 'అనుబంధంలో ఉన్న రుణాలు' అని మాత్రమే ఉండి, ఆ అనుబంధం జత కాకుండా ఉండటం సాధారణంగా కనిపించే లోపం. కాలపరిమితికి ఆధారమయ్యే చివరి చెల్లింపు తేదీ, యాక్సిలరేషన్ తేదీ కూడా ఈ కాగితాల్లోనే దొరుకుతాయి.

గడువు దాటాక అప్పు ఏమవుతుంది

చాలా రాష్ట్రాల్లో అప్పు అలాగే ఉంటుంది, దావా హక్కు మాత్రం పోతుంది. విస్కాన్సిన్, మిసిసిపీలు భిన్నం. అక్కడ గడువు ముగిస్తే అప్పే ఆరిపోతుంది. మిగతా చోట్ల వసూలు సంస్థ ఉత్తరాలు రాయవచ్చు, మర్యాదగా అడగవచ్చు. కానీ 2021 నవంబర్ 30 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం కాలదోషం పట్టిన అప్పు మీద వసూలు సంస్థ దావా వేయకూడదు, వేస్తామని బెదిరించకూడదు. గడువు దాటిన సంగతి తెలియదని చెప్పి తప్పించుకోలేదు. ఇది వసూలు సంస్థలకు వర్తించే నిబంధన. తాను ఇచ్చిన అప్పును తన పేరుతోనే వసూలు చేసుకునే బ్యాంకు సాధారణంగా దీని పరిధిలోకి రాదు.

వసూలు సంస్థ నుంచి మొదటి నోటీసు వచ్చాక 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అప్పు వివరాలు నిర్ధారించి పంపేదాకా వసూలు ఆపాలి. ఈ ఉత్తరంలో 'ఈ బాకీ నాదే, ఇబ్బందుల్లో ఉన్నాను' వంటి మాట ఒక్కటి పడినా కొన్ని రాష్ట్రాల్లో అది ఒప్పుకోలు కిందికి రావచ్చు. 'ఈ అప్పును నేను అంగీకరించడం లేదు, వివరాలు పంపండి' అన్నంత వరకే ఉండాలి.

దివాలాతో దీన్ని కలపకూడదు. 2005 నుంచి ఎక్కువ ప్రైవేటు విద్యారుణాలు దివాలాలో కూడా మామూలుగా రద్దు కావు, భరించలేని కష్టం ఉందని వేరే రుజువు చేసుకోవాలి. కాలపరిమితి వాదన అంతకంటే తేలిక, ఖర్చు తక్కువ. కానీ అది దావా వచ్చినప్పుడే పనికొచ్చే కవచం.

ఇండియాలో తీసుకున్న రుణమైతే

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే విద్యార్థుల్లో చాలామందిది ఇక్కడి బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) రుణం. దీనికి 1963 లిమిటేషన్ చట్టం వర్తిస్తుంది. హామీ లేని రుణానికి డిఫాల్ట్ నుంచి మూడేళ్లు. ఇల్లో పొలమో తనఖా పెట్టి ఉంటే, తనఖా ఆస్తి మీద వసూలుకు 12 ఏళ్లు. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద ఇంటికి నోటీసు అంటించాలన్నా ఈ గడువులోనే జరగాలి. బాకీ 20 లక్షలు, అంతకు పైన ఉంటే బ్యాంకు డీఆర్‌టీకి (బాకీల వసూలు ట్రిబ్యునల్‌కు) వెళుతుంది. అక్కడా ఇదే లిమిటేషన్ చట్టం.

అమెరికాతో పోలిస్తే రెండు తేడాలు గమనించదగ్గవి. మొదటిది అప్పు తీసుకున్నవారికి అనుకూలం. లిమిటేషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలి. రెండోది తీవ్రంగా వ్యతిరేకం. 15వ సెక్షన్ ఐదో ఉపవిభాగం ప్రకారం ప్రతివాది ఇండియాలో లేని కాలాన్ని గడువులోంచి మినహాయించాలి. డాలస్‌లో ఆరేళ్లుగా ఉంటున్న కొడుకు మీద ఆ ఆరేళ్లూ లెక్కలోకి రావు. అతను తిరిగొచ్చాక కూడా బ్యాంకు దావా వేయవచ్చు. ఇంటి దగ్గరే ఉన్న సహ దరఖాస్తుదారు తండ్రికి మాత్రం మూడేళ్లు మామూలుగానే నడుస్తాయి. ఒక సహ రుణగ్రహీత చేసిన సంతకమో చెల్లింపో ఒక్కటే రెండోవారిని బాధ్యులను చేయదని 20వ సెక్షన్ చెబుతుంది. అందుకే బ్యాంకులు తండ్రి సంతకం విడిగా తీసుకోవాలని చూస్తాయి.

ఆ సంతకం తీసుకునే కాగితం పేరు రివైవల్ లెటర్ లేదా బాకీ ఒప్పుకోలు పత్రం. మూడేళ్లు నిండే లోపు బ్రాంచికి పిలిచి 'ఊరికే ఫార్మాలిటీ' అంటూ పెట్టించే సంతకం ఇదే. 18వ సెక్షన్ కింద అది మరో మూడేళ్లు తెస్తుంది. వన్ టైమ్ సెటిల్‌మెంట్ కోరుతూ గడువు లోపల రాసిన ఉత్తరం కూడా ఒప్పుకోలు కావచ్చని సుప్రీంకోర్టు 2021లో దేనా బ్యాంకు కేసులో చెప్పింది. గడువు దాటాక ఇలాంటి ఒప్పుకోలుకు బలం లేదు. కానీ కడతానని కొత్తగా సంతకం చేసి మాటిస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద అదే కొత్త ఒప్పందమవుతుంది.

అమెరికా ప్రైవేటు రుణం మీద అక్కడి కోర్టు ఇచ్చిన తీర్పును ఇండియాలో నేరుగా అమలు చేయలేరు. బ్రిటన్, సింగపూర్ తీర్పులకు ఉన్న ఆ సౌకర్యం అమెరికా తీర్పులకు లేదు. రుణదాత ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి, అదీ తీర్పు తేదీ నుంచి మూడేళ్లలో. కేసు గుణదోషాల్లోకి వెళ్లకుండా ఇచ్చిన ఏకపక్ష తీర్పయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద దాన్ని సవాలు చేయవచ్చు. అయితే అమెరికాలో ఆ తీర్పు ఆయుష్షు తగ్గదు. న్యూయార్క్‌లో 2024లో ఏకపక్షంగా వచ్చిన తీర్పు మీద ఇక్కడ దావా వేసే గడువు 2027లో ముగుస్తుంది. అదే వ్యక్తి 2035లో హెచ్-1బీ మీద మళ్లీ న్యూయార్క్ వెళ్లి ఉద్యోగంలో చేరితే, జీతం పట్టుకోవడానికి రుణదాతకు ఇంకా తొమ్మిదేళ్లు మిగిలే ఉంటాయి.